నాపబండల కింది నీళ్లు

మట్టి రాయి ఎలా అవుతుందో నాకు మొదట చెప్పింది సూర్యాపేట మిషన్ బడిలో మా టీచరమ్మ. ఒక గాజు సీసాలో గుప్పెడు గులకరాళ్లు, గుప్పెడు ఇసుక, గుప్పెడు నల్లమట్టి వేసి, నిండా నీళ్లు పోసి, మూత బిగించి బాగా ఊపి కిటికీలో పెట్టింది. "తేరుకునేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. కదిలితే పొరలు కలిసిపోతాయి" అంది. ముట్టుకోవద్దు అన్న మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. దానికి ఒక కారణం చెప్పిన మొదటి మనిషి మాత్రం ఆమె.

లెక్కలు చేసుకుని, అన్నాలు తిని వచ్చేసరికి సీసాలో అడుగున గులకరాళ్లు, వాటి మీద ఇసుక, ఆ పైన మెత్తటి బురద, అన్నిటికంటే పైన తేట నీళ్లు. సూర్యాపేట చుట్టూ ఉన్న గుట్టల రాయి ఎండకు కాగి, వానకు తడిసి పెచ్చులు లేస్తుందనీ, పెచ్చులు నుగ్గై వాననీళ్లతో వాగులో పడతాయనీ, వాగు మూసీలో, మూసీ కృష్ణలో కలుస్తాయనీ, నీళ్ల జోరు తగ్గిన చోటల్లా అవి మోసుకొచ్చిన బరువును దింపేసుకుంటాయనీ టీచరమ్మ చెప్పింది. అలా పొర మీద పొర పడి, పై బరువుకు కింది పొర అణిగి, నీళ్లలోని సున్నం జిగురులా అతికి రాయి అవుతుందట. "మీ పాలకీడు వైపు నాపబండలు అలా అయినవే. ఎప్పుడో అక్కడ సముద్రం ఉండేది" అని నా వైపు చూసింది. నేను గర్వంతో కొంచెం నిటారుగా కూర్చున్నాను. మా ఊరి పేరు బడిలో మంచి మాటతో వినిపించడం అదే మొదలు.

పుస్తకంలో ఆ పాఠానికి పెద్ద పెద్ద మాటలుండేవి. శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మకు గడగడా అప్పజెప్పాను. అమ్మ జొన్నలు చెరుగుతూ విని, "గంతేనా? అరుగుడు, కొట్కపోవుడు, పేరుకపోవుడు. దీనికి సూర్యాపేట దాక వోవాల్నా?" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మూడు మాటలే ఇప్పటికీ గుర్తున్నాయి.

మా ఊరు పాలకీడుకు దగ్గర. ఊరి వాళ్లు మా ఇళ్లను మాలవాడ అనేవారు, మేము పేట అనుకునేవాళ్లం. తాతల నాడే మేము ఏసును నమ్ముకున్నాం. ఆయన్ను నమ్మినందుకు మాకు ఒక గుడిసె చర్చి, ఆదివారం పాటలు, నాకు సూర్యాపేటలో చదువు దొరికాయి. నీళ్లు మాత్రం దొరకలేదు. నీళ్లకు ఊరి బావికే పోవాలి. పోయి తోడుకోవడం కాదు, పోయి నిలబడాలి. బావి గట్టుకు ఇవతల గీత గీసినట్టుగా ఒక చోటు ఉండేది. ఆ గీతను ఎవరూ గీయలేదు, అయినా చూపు ఆనని ముసలమ్మలు కూడా దాటేవారు కాదు. ఊరి ఆడవాళ్లలో ఎవరికో దయ కలగాలి. కలిగితే చేదను పైకెత్తి, మా కడవకు తగలకుండా, అంత ఎత్తు నుంచి పోసేవారు. ఎత్తు నుంచి పోస్తే మా అంటు ధార వెంట పైకి పాకదని లెక్క. సగం నీళ్లు కడవలో పడేవి, సగం మా చీరల మీద. ఆ తడిసిన చీరను చూసి నవ్వేవాళ్లు కూడా ఉండేవారు.

మా నాయనమ్మ నీళ్లడుగుతూ పోయింది. మాట అందంగా ఉంటుందని చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. నలభై ఎనిమిది ఎండాకాలం అది, వాగు కూడా ఎండిపోయింది. రజాకార్ల భయానికి బడి మూసేస్తే నాన్న నన్ను బండిలో ఇంటికి తెచ్చాడు. ఊరి ఆడవాళ్లు గుంపుగా బావికి వచ్చి, పక్కన మగవాళ్లు కాపలా ఉండగా గబగబా తోడుకుని పోయేవారు. ఆగి మాకు పోసే తీరిక ఎవరికీ లేదు. ఆ రోజు అమ్మ పొద్దున పోయి నడినెత్తికి ఎండ వచ్చేదాకా నిలబడింది. ఇంట్లో నాయనమ్మ జ్వరంతో "నీళ్లు, నీళ్లు" అంటుంటే నేను గంజికుండ అడుగున ఉన్న తడితో ఆమె పెదాలు అద్దాను. అమ్మ ఖాళీ కడవతో గుమ్మంలోకి వచ్చేసరికి ముసలామె లేదు. అమ్మ ఏడవలేదు. కడవను నెమ్మదిగా కింద పెట్టి, అత్త కాళ్ల దగ్గర కూర్చుంది.

పటాలం వచ్చి నిజాం పోయాక, పంట కోతలు అయ్యాక నాన్న ఒక రోజు వాడలో అందరినీ కూర్చోబెట్టి, "మన బాయి మనమే తవ్వుకుందం" అన్నాడు. నాన్న ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తన తల్లికి గుక్కెడు నీళ్లు అందలేదన్న మాట ఆ రోజు కూడా అనలేదు. అనవసరం, అందరికీ తెలుసు. ఊరి పని చేసినందుకు మా తాతకు ఇచ్చిన చిన్న చెలక ఒకటి వాడకు దిగువన ఉంది. అందులో తవ్వడం మొదలుపెట్టారు. కోదాడ నుంచి అమ్మ తమ్ముడు, మా మేనమామ కూడా వచ్చాడు.

పైన నల్లమట్టి వచ్చింది, దాని కింద వాగు ఇసుక, ఆ కింద గులకరాళ్లు కలిసిన గట్టి మన్ను. నేను గుంత అంచున కూర్చుని టీచరమ్మ సీసా తలుచుకున్నాను. తరువాత బండ తగిలింది. నాన్న సూర్యాపేట వైపు రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టిన మనిషి. అక్కడి గుట్టల రాయి మీద మొద్దులు పేర్చి కాల్చి, కాగిన రాయి మీద నీళ్లు పోస్తే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఆయనకు తెలిసిన విద్య అదే. వాడంతా తుమ్మమొద్దులు మోసి గుంతలో వేస్తే ఒక పగలంతా మండించాడు. తరువాత, వాగు నుంచి తెచ్చిన మురికి నీళ్లు దాని మీద గుమ్మరించాడు. బండ పెచ్చు లేవలేదు. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది, పోసిన నీళ్లు కుతకుతా ఉడికాయి. నాన్న కేక పెట్టి నిచ్చెన ఎక్కేశాడు. దయ్యం లేచిందని ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని పరుగెత్తారు.

మా మామ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది బావా! ఇది మీ సూర్యాపేట గుండు కాదు, సున్నపురాయి. కాలిస్తే సున్నం కాక బంగారం అవుతుందా?" అన్నాడు. నాన్న పాదాలు బొబ్బలెక్కాయి. అమ్మ ఆ సున్నమంతా చేటలకు ఎత్తి, నానబెట్టి, చర్చి మట్టిగోడలకు పూసింది. బావి కంటే ముందు మా చర్చి తెల్లబడింది. ఆ తరువాత మంట మాట ఎత్తలేదు. పొరకూ పొరకూ మధ్య సందులో గడ్డపారలు పెట్టి అందరూ ఒక్కసారి ఒత్తితే బండ తలుపులా పైకి లేచింది.

లేచిన మొదటి బండ కింది పొర మీద గీతలున్నాయి. వాగులో నీళ్లు తీసిపోయాక ఇసుక మీద మిగిలే అలల గీతలు ఉంటాయే, అచ్చం అవే, రాతిలో. నేను గుంతలోకి దిగి వాటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. "అవ్వా, ఇది ఒకప్పుడు బురద. దీని మీద నీళ్లు కదిలినయి. ఆ నీళ్ల గుర్తులే ఇవి" అని అమ్మకు అరిచి చెప్పాను. అమ్మ వచ్చి తన అరచెయ్యి ఆనించి చూసింది. "నీళ్లు పోయినా జాడ పోలేదు" అంది. ఆ రోజు అమ్మ నా చదువును వెక్కిరించలేదు.

బండలు బయట పడగానే ఊరి పటేలు వచ్చాడు. అంతకు ముందు మేము మట్టి తవ్వినన్ని రోజులూ అటు తొంగి చూడని మనిషి. బండల చుట్టూ తిరిగి, చేతికర్రతో కొట్టి చప్పుడు విని, నాన్నతో అన్నాడు.

"ఏందిరా, భూమి మీది పంట మీది. భూమి లోపలి రాయి సర్కారుది. తెల్వదా?"

"తెల్వదు పటేలా."

"గిప్పుడు తెలిసింది గద. రేపటి సంది మా ఇంటికి మొయ్యిండ్రి."

ఆ ఏడాది సర్కారు ఎవరన్నది ఎవరికీ సరిగ్గా తెలియదు. నిజాం పోయాడు, కొత్తవాళ్లు ఇంకా మా ఊరి దాకా రాలేదు. మధ్యలో ఖాళీగా ఉన్న ఆ సర్కారు కుర్చీలో పటేలు కూర్చున్నాడు. వెట్టి పోయిందని ఊరూరా చాటింపు వేశారు. మా ఊళ్లో డప్పు మోగింది కానీ వెట్టి పోలేదు. మా వాళ్లు తమ చేతులతో పెకలించిన బండల్ని తమ భుజాల మీద మోసి పటేలు వాకిట్లో పరిచారు. నాన్న పాదాల బొబ్బలు ఇంకా ఆరలేదు.

పటేలు తల్లి ముసలామె. అరుగు మీద కూర్చుని ఇదంతా చూసి, "మాలోళ్లు ముట్టిన బండల మీద నేనెట్ల నడుస్తనురా?" అని కొడుకును అడిగింది. పటేలు తాపీగా, "ఎండినదానికి అంటు లేదమ్మా. అంటు తడిదానికే" అన్నాడు. అది ఆయన కల్పించిన మాట కాదు, ఊళ్లో అందరూ నడుపుకునే పద్ధతే. మేము కోసిన వడ్లు ఎండినవి, వాటికి అంటు లేదు. మేము కొట్టిన కట్టెలు ఎండినవి, వాటికీ లేదు. మా చెయ్యి పడిన వాళ్ల ధాన్యం, కట్టెలు, పత్తి, మిరపకాయలు అన్నీ వాళ్ల ఇళ్లలోకి నేరుగా పోయేవి. మేమూ మా నీళ్లూ మాత్రమే గడప బయట. వాళ్లకు ఏది కావాలో అదంతా ఎండినదాని కింద జమ కావడం నాకు ఆనాడే వింతగా తోచింది. అయినా ముసలామె మనసు కుదుట పడాలని ఊరి బావి నుంచి బిందెల కొద్దీ నీళ్లు తెచ్చి, పసుపు కలిపి ఆ బండల్ని కడిగారు. మా నాయనమ్మ నోట్లో పోయడానికి ఒక్క గుక్క లేని బావి నీళ్లే అవి. రాళ్లకు స్నానం చేయించడానికి ఉన్నాయి.

ఎండినదట! ఆ బండ ఏమిటి? బురద. తడి బురద. ఏ గుట్టలో అరిగిందో, ఏ వాగులో కొట్టుకొచ్చిందో, ఏ నీళ్ల అడుగున పేరుకుందో. నీళ్లు లేకుండా ఆ బండలో చిటికెడు కూడా తయారు కాలేదు. దాని ఒంటి మీద నీళ్ల అలలు అచ్చుపడి ఉన్నాయి. వాటి మీద కాళ్లు పెట్టి నడుస్తూ, విస్తరి వేసుకుని కూర్చుంటూ ఆ ఇంటివాళ్లు ఎండినదానికి అంటు లేదనుకున్నారు. ఆ బండలు ఇప్పటికీ ఆ వాకిట్లోనే ఉన్నాయట. నేను చూడలేదు. మోయడానికి తప్ప మా వాళ్లెవరినీ ఆ గడప దాటనివ్వలేదు.

ఇంకా కొన్ని పొరలు లేచాక, ఒక సందులోంచి నీళ్లు చెమ్మలా మొదలై సన్నటి ధారగా మారాయి. మామ కింది నుంచి "అక్కా! వచ్చినయ్యే!" అని కేక పెట్టాడు. నీళ్లు తేటపడ్డాక వాడలో అందరూ మొదటి చేద అమ్మ చేతికిచ్చారు. అమ్మ తోడుకుని, దోసిట్లో పోసుకుని తాగింది. మొహం కడుక్కుంది. ఇంకో చేద తోడి తల మీద నుంచి గుమ్మరించుకుంది. చీరంతా తడిసింది. ఈసారి నవ్వింది అమ్మే.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఎండలు ముదిరేసరికి ఊరి బావిలో నీళ్లు కిందికి జారాయి. చావడి దగ్గరకు మా వాళ్లను పిలిపించారు. మగవాళ్ల వెనక అమ్మ, అమ్మ వెనక నేను నిలబడ్డాం.

"మీ బాయి పూడ్సుండ్రి" అన్నాడు పటేలు. "బండ సందులకెల్లి మా నీళ్లు మీ దిక్కు వోతున్నయి, మీ నీళ్లు మా దిక్కు వస్తున్నయి. ఊరంత మైల వడ్తది."

నాన్న తల వంచుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. ఎలా ఊరుకుంటాను? ఆ సందులేమిటో, నీళ్లు ఏ వైపు పోతాయో నాకు తెలుసు.

"పటేలా, పొరలు మీ దిక్కుకెల్లి మా దిక్కుకు వాలి ఉన్నయి. నీళ్లు పల్లానికే వస్తయి. మీవి మాకొస్తయి గని మావి మీ దిక్కు ఎక్కయి. ఒకేళ ఎక్కినయే అనుకో, గిన్ని రోజుల సంది ఊరంత మా నీళ్లే తాగుతుండ్రు. ఎవలికేమయింది? ఒక్కటే నీళ్లయితే పూడ్సుడెందుకు? వేరేవయితే మీకు బాధెందుకు?"

చెంప ఛెళ్లుమంది. కొట్టింది నాన్న. అంతకు ముందు ఎన్నడూ నా మీద చెయ్యెత్తని నాన్న. నాన్న కొట్టకపోతే అక్కడ ఇంకెవరు కొట్టేవారో, దేంతో కొట్టేవారో నాకు తరువాత అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు. తప్పు మాట్లాడినవాడు కుర్చీలో కూర్చున్నాడు, సరైన మాట చెప్పినందుకు నేను దెబ్బ తిన్నాను. పటేలు నవ్వి, "సూర్యాపేట సదువు మంచిగనే పని జేస్తుంది" అని, ఏరువాక లోపల బావి పూడాలని చెప్పి లేచాడు.

మామ ఊరుకోనన్నాడు. నాన్ననూ నన్నూ వెంటబెట్టుకుని మిర్యాలగూడ తహసీలు కచ్చేరికి పోయాడు. కొత్త సర్కారు కదా, కొత్త న్యాయం ఉంటుందని ఆశ. పొద్దంతా వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. చివరికి ఒక గుమాస్తా బయటికి వచ్చి మా మాట సగం విని, "మీకు బావి ఉండకూడదని ఏ కానూనులోనూ లేదు. ఉండాలని కూడా లేదు. ఊరి పెద్దలతో మంచిగా మాట్లాడుకోండి" అన్నాడు. "మంచిగా మాట్లాడినందుకే ఈ పిల్ల చెంప వాచిందండీ" అన్నాడు మామ. గుమాస్తాకు అది వినే తీరిక లేదు. వచ్చేటప్పుడు దాహమైతే చప్రాసీని నీళ్లడిగాం. అతను కుండ దగ్గరికి పోబోతూ ఆగి, "ఏ ఊరు? ఎవలు మీరు?" అని అడిగాడు. చెప్పాం. దోసిళ్లు పట్టమని, ఎత్తు నుంచి పోశాడు. నిజాం జెండా దించి కొత్త జెండా ఎగరేసిన కచ్చేరి అది. నీళ్లు పోసే ఎత్తు మాత్రం వేలెడంత కూడా దిగలేదు.

రోహిణి కార్తె వచ్చింది. ఊరి బావి అడుగున బురద తేలింది. మా బావి పల్లంలో ఉంది, లోతుగా ఉంది, పొరల వాలు మా వైపే ఉంది. అందుకని మా బావిలో నీళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. మేము పుణ్యాత్ములం కావడం వల్ల కాదు, పటేలు పాపాత్ముడు కావడం వల్లా కాదు. రాయి ఎటు వాలితే నీళ్లు అటు వస్తాయి. ఊరి వాళ్లు బండ్లు కట్టుకుని దూరం నుంచి పీపాల్లో తెచ్చుకుంటున్నారు. పూడ్చమన్న గడువు దగ్గర పడుతోంది. అమ్మ రోజూ బావి దగ్గరికి పోయి, నీళ్లు తోడుకున్నాక కూడా కాసేపు గట్టు మీద కూర్చుని వచ్చేది.

ఒక మిట్టమధ్యాహ్నం అమ్మా నేనూ బావి దగ్గర ఉండగా, కొంగు తల మీదికి లాక్కుని ఒకామె ఒంటరిగా వచ్చింది. పటేలు కోడలు. ఆ ఇంటి మనిషి మా వాడ వైపు రావడం ఎవరూ ఎరుగరు. ఇత్తడి బిందె తేలేదు, మట్టికడవ తెచ్చింది. నాకు అప్పుడే అర్థం కావలసింది, కాలేదు. గట్టుకు దూరంగా ఆగి, కడవ కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఊరి బావి దగ్గర అమ్మ నిలబడేది కూడా సరిగ్గా అంత దూరంలోనే.

"మా అత్తకు వడదెబ్బ తగిలింది" అంది. "తెల్లారినప్పటి సంది నీళ్లు నీళ్లంటుంది. బండి ఇంక రాలే. జర నీళ్లు పొయ్యిండ్రమ్మా."

అమ్మా అంది. మా అమ్మను ఊరివాళ్లెవరైనా అలా పిలవడం అప్పుడే విన్నాను. అయినా నా మనసు కరగలేదు. చెంప మీద దెబ్బ చల్లారలేదు. ఆ అత్త ఎవరు? మేము మోసిన బండల మీద ఎలా నడవాలని అడిగిన మనిషి. "అవ్వా, ఎత్తుకెల్లి పొయ్యి. చీరంత తడవనియ్" అన్నాను, ఆమెకు వినపడేలాగే. ఆమె తల దించుకుంది. కడవ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అమ్మ నా వైపు ఒకసారి చూసింది. దిగి వెళ్లి ఆ కడవను రెండు చేతులతో ఎత్తి తెచ్చింది. లోపల చెయ్యి పెట్టి కడిగింది. చేద మూతిని కడవ మూతికి ఆనించి, చుక్క కూడా ఒలకకుండా మెడ దాకా నింపింది. నడకలో తొణకకుండా ఒక మోదుగాకు పైన వేసి తీసుకుపోయి ఆమె చేతికే ఇచ్చింది. "ముందుగాల నోరు తడుపు. ఒక్కపాలి తాపియ్యకు, పొలమారుతది" అని చెప్పింది. ఆమె కడవ చంకనెత్తుకుని గబగబా పోయింది.

నేను అమ్మతో పోట్లాడాను. గొంతు పోయేలా అరిచాను. "నాయనమ్మను సంపిండ్రు. బండలు దోసుకున్నరు. అయ్య కాళ్లు కాలినా మోపిచ్చిండ్రు. బాయి పూడ్సుమన్నరు. వాళ్లకు చేత్తోని నింపిస్తవా?" అన్నాను. అమ్మ చేద చుట్టిపెడుతూ ఒక్క మాటే అంది.

"నీ నాయనమ్మ అడిగింది గూడ గవ్వే నీళ్లు."

మర్నాటి నుంచి ఊరి ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. అందరూ మట్టికడవలతోనే. మా వాడ ఆడవాళ్లు తోడి పోశారు. కొందరు ఎత్తు నుంచి పోశారు. వాళ్లను చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. ముసలామె బతికింది. ఏరువాక వచ్చింది, బావి పూడ్చే మాట పటేలు నోట మళ్లీ రాలేదు. మానుకున్నానని కూడా అనలేదు. ఆ నీళ్లు తాగినట్టే ఆ మాటనూ గుటుక్కున మింగేశాడు.

వానలు పడ్డాయి, ఊరి బావి నిండింది. అప్పుడు కోదాడ నుంచి పురోహితం చేసే అయ్యగారిని పిలిపించి ఊరంతా శుద్ధి చేసుకున్నారు. ఇళ్లు, వాకిళ్లు, ఇత్తడి సామాను, చివరికి ఊరి బావి కూడా. ఎండాకాలమంతా మా నీళ్లతో బతికి, బతికినందుకు ప్రాయశ్చిత్తం! ఇత్తడిని చింతపండుతో తోమితే శుద్ధి అవుతుంది. మట్టికుండకు శుద్ధి లేదు, పగలగొట్టాల్సిందే. ఇత్తడి బిందెలు ఇంట్లో దాచి మట్టికడవలు ఎందుకు తెచ్చారో అప్పుడు తెలిసింది నాకు. "అమ్మా, జర నీళ్లు పొయ్యిండ్రమ్మా" అన్న రోజే ఆ కడవల్ని పగలగొట్టాలని కూడా అనుకునే వచ్చారు. దాహంతో నిలబడి కూడా ఆ లెక్క మరవలేదు.

అమ్మా నేనూ గడ్డి కోసుకొస్తూ వాగు ఒడ్డున ఆ పెంకుల కుప్ప చూశాం. ఎర్రటి పెంకులు, నల్లటి అడుగులు. కుప్పకు కొంచెం ఎడంగా ఒక కడవ పగలకుండా బోర్లించి ఉంది. మెడ కింద గీతల నగిషీ చూసి ఇద్దరం గుర్తుపట్టాం, పటేలు కోడలు తెచ్చిన కడవ. పగలగొట్టమని పంపి ఉంటారు, ఆమెకు చేతులు రాలేదేమో. అమ్మ గడ్డిమోపు దించి దాన్ని ఎత్తి, వేలితో కొట్టి చూసింది. ఖంగుమంది.

"మంచిగ కాలిన కడవ. ఇంటికి తీస్కపోదం" అంది.

"వాళ్లు పారేసింది మనకెందుకు?"

"పారెయ్యలే. పెట్టిపోయింది."

నాకు ఆ తేడా వినే ఓపిక లేదు. అమ్మ చేతుల్లోంచి కడవ లాక్కుని ఒడ్డున ఉన్న నాపబండకేసి బలంగా కొట్టాను. తునాతునకలైంది. అమ్మ ఆ ముక్కల్ని చూస్తూ నిలబడింది.

"గిప్పుడు నువ్వు గూడ వాళ్ల పనే జేసినవ్ బిడ్డా" అంది.

కాదన్నాను. వాళ్లు అంటుకు పగలగొట్టారు, నేను కోపానికి పగలగొట్టాను, రెండూ ఒకటెలా అవుతాయని వాదించాను. ఇప్పటికీ అదే వాదిస్తాను. ఆ కోపం నాది, న్యాయమైంది, దాన్ని ఎవరికీ తాకట్టు పెట్టను. కానీ ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం ఎలా ఉందో కూడా మరిచిపోలేదు. మేము చూస్తుండగానే వాగు ఎగువన వాన కురిసి నీళ్లు ఎర్రగా పెరిగాయి. కుప్ప అంచును తడిపి, పెంకుల్ని ఒక్కొక్కటిగా లాక్కుపోసాగాయి. వాళ్లు పగలగొట్టినవీ నేను పగలగొట్టిందీ కలిసి దొర్లుతూ పోయాయి. అవి అరుగుతాయి, కొట్టుకుపోతాయి, ఎక్కడో పేరుకుపోతాయి. ఆ పొర గట్టిపడి బండ అయ్యాక, అందులో ఏ పెంకు ఎవరి ముట్టుతో మైలపడిందో చెప్పగల పటేలు ఎవడైనా పుడితే రమ్మనండి, చూస్తాను.

చినుకులు మొదలైతే గడ్డిమోపులు ఎత్తుకుని ఇంటికి వచ్చేశాం. వాన వెలిశాక అమ్మ పాత కడవ చంకనెత్తుకుంది, నేను చేద తీసుకున్నాను. మా బావికి పోయి తోడుకుని తెచ్చుకున్నాం. ఎవరి కోసమూ నిలబడలేదు.